పళ్ళ వరుస: చూపించే వయసు వేరు, క్లిప్పులు వేసే వయసు వేరు

ఈ నెల విజయవాడ, గుంటూరు పాఠకుల ఉత్తరాల్లో ఎక్కువ భాగం వంకర పళ్ళు, ఎత్తు పళ్ళు, సందు పళ్ళ గురించే వచ్చాయి. పళ్ళ వరుస సరిచేసే ఆర్థోడాంటిక్స్ వైద్యులు ఇచ్చిన సమాధానాలివి.

మా పాపకు ఏడున్నరేళ్ళు. పైన ముందు పళ్ళు రెండూ కొత్తవి వచ్చాయి. మధ్యలో సందు ఉంది, రెండూ చెరో పక్కకి ఒరిగాయి. మా అత్తగారు ‘అన్ని పళ్ళూ వచ్చాక చూద్దాంలే’ అంటున్నారు. మా ఆడపడుచేమో ఫోన్లో వీడియో చూసి, రెండు పళ్ళకీ కలిపి చిన్న రబ్బరు బ్యాండు వేస్తే సందు పోతుందంటోంది. ఏం చేయాలి?
— ఒక తల్లి, పటమట, విజయవాడ

ముందు రబ్బరు బ్యాండు సంగతి. దయచేసి వేయకండి. ఇప్పటికే వేసి ఉంటే ఈ రోజే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. పన్ను కొరికే అంచు దగ్గర వెడల్పుగా, చిగురు దగ్గరికి వచ్చేసరికి సన్నగా ఉంటుంది. లోపల వేరు ఇంకా సన్నం. అందుకే బిగించిన బ్యాండు ఉన్నచోట ఉండదు, చిగురు వైపు జారి లోపలికి దూరిపోతుంది. ‘ఎక్కడో ఊడిపడిపోయింది’ అనుకుంటారు ఇంట్లోవాళ్ళు. అది లోపల వేరు వెంబడి పాకుతూ, పంటిని ఎముకకు పట్టి ఉంచే నారను తెంపుతుంది. ఎముక కూడా కరిగిపోతుంది. ఎక్స్‌రేలో రబ్బరు కనిపించదు కాబట్టి కారణం తెలియడం కూడా ఆలస్యమవుతుంది. చిగురు వాచి, పళ్ళు కదిలి, కిందికి సాగాక తీసుకొస్తారు. అలా బంగారంలాంటి ముందు పళ్ళు రెండూ పోగొట్టుకున్న పిల్లలున్నారు.

ఇక సందు. ఏడెనిమిదేళ్ళ నుంచి పదకొండు దాకా చాలామంది పిల్లలకు ఇలాగే ఉంటుంది. పైన ఎముకలో ఉన్న కోరపళ్ళు దిగుతూ పక్క పళ్ళ వేర్లను నొక్కుతాయి, అందుకే ముందు పళ్ళు విసనకర్రలా విచ్చుకుంటాయి. 11, 12 ఏళ్ళకు కోరపళ్ళు బయటికొచ్చాక, 2 మిల్లీమీటర్ల లోపు సందయితే చాలావరకు దానంతటదే మూసుకుంటుంది. అంతకంటే పెద్దదైతే రెండు పళ్ళ మధ్య ఎముకలో అదనపు పన్నేదైనా అడ్డం ఉందేమో చిన్న ఎక్స్‌రే తీసి చూస్తారు.

మీ అత్తగారి మాటలో సగం నిజముంది. క్లిప్పులకు తొందరలేదు. చూపించడానికి మాత్రం ఇదే వయసు. ఏడేళ్ళకల్లా ఒకసారి చూపించమని అమెరికన్ అసోసియేషన్ ఆఫ్ ఆర్థోడాంటిస్ట్స్ చెబుతుంది. ఆ వయసుకి వెనక మొదటి శాశ్వత దవడ పళ్ళు, ముందు కొత్త పళ్ళు వచ్చి ఉంటాయి కాబట్టి దవడల పొందిక తెలుస్తుంది. ఎక్కువమంది పిల్లలకు ‘ఆరు నెలలకో ఏడాదికో మళ్ళీ రండి’ అనే చెబుతారు. ఆ మాట వినడానికి వెళ్ళినా ఆ వెళ్ళడం దండగ కాదు.

ఇంట్లో మీరూ చూడొచ్చు. పాపను కిటికీ వెలుగులో కూర్చోబెట్టి, ఒకసారి ఉమ్మి మింగి పళ్ళు అలాగే కలిపి ఉంచమనండి. మీ రెండు వేళ్ళతో పెదవులు, బుగ్గలు ఎత్తి చూడండి. పై పళ్ళు చుట్టూ కింది పళ్ళకు బయట ఉండాలి, డబ్బా మీద మూతలాగా. ఎక్కడైనా పై పన్ను లోపలికి, కింది పన్ను బయటికి ఉన్నా, నోరు మూసేటప్పుడు గడ్డం ఒక పక్కకు జరిగినా, ఒక వైపు పన్ను వచ్చి ఆరు నెలలైనా రెండో వైపుది రాకపోయినా ఆగకండి. నోరు తెరిచి నిద్రపోవడం, గురక ఉంటే చెవి, ముక్కు, గొంతు డాక్టరుకు కూడా చూపించాలి. ముక్కు వెనక ఎడినాయిడ్స్ అనే కండ అడ్డుంటే పిల్లలు నోటితోనే గాలి పీలుస్తారు, దాంతో పై దవడ ఇరుకుగా పెరగొచ్చు.

మా బాబుకి తొమ్మిదేళ్ళు. పైన ఒక ముందు పన్ను కింది పన్నుకు లోపలగా పడుతోంది. ఒక డాక్టరు గారు ఇప్పుడే చేయాలన్నారు, ఇంకొకరు పాలపళ్ళన్నీ ఊడాక రమ్మన్నారు. ఎవరి మాట వినాలి?
— బ్రాడీపేట, గుంటూరు

మొదటి వారి మాట. ఆగకూడని కొద్ది వాటిలో ఇదొకటి. కొరికిన ప్రతిసారీ పై పన్ను కింది పన్నును బయటికి తోస్తుంది. ఆ కింది పంటి చిగురు పక్క పళ్ళ చిగురు కంటే కిందికి దిగిందేమో ఈ సాయంత్రమే చూడండి. దిగితే ఆ పన్ను పొడుగ్గా కనిపిస్తుంది. రెండు పళ్ళ అంచులూ ఒరుసుకుని అరిగిపోతాయి కూడా.

పన్ను ఒక్కటే అయితే వైద్యం చిన్నదే. అంగుట్లో పెట్టుకునే ప్లేటు, ఆ పన్ను వెనక చిన్న స్ప్రింగు, అడ్డు తగలకుండా దవడ పళ్ళ మీద కాస్త ఎత్తు. మూడు నాలుగు వారాలకోసారి స్ప్రింగు కొంచెం తెరుస్తారు. బాబు ప్లేటు తీయకుండా పెట్టుకుంటే కొన్ని నెలల్లో పన్ను బయటికి దాటుతుంది. దాటాక కింది పళ్ళే దాన్ని మళ్ళీ లోపలికి పోనివ్వవు. ఈ వైద్యం చెడేది ఎక్కువగా ఒక్క కారణంతోనే. బడికి వెళ్ళేటప్పుడు ప్లేటు డబ్బాలో పెట్టేసి రాత్రి మాత్రమే పెట్టుకుంటారు. పగలంతా పన్ను వెనక్కి వస్తుంది.

నాలుగు పళ్ళూ లోపలే ఉంటే సంగతి వేరు. నాలుక కొనను అంగుట్లో వీలైనంత వెనక్కి ఆనించి, మెల్లగా నోరు మూయమనండి. ముందు పళ్ళు అంచుకు అంచు తగిలితే, పళ్ళు అడ్డొచ్చి దవడ ముందుకు జారుతోందన్నమాట. అసలు తగలకపోతే, ఇంట్లో తాతకో తండ్రికో కింది దవడ ముందుకే ఉంటే, అది ఎముక పెరుగుదల సమస్య. దానికి పై దవడను ముందుకు లాగే ఫేస్ మాస్కు పదేళ్ళలోపు బాగా పనిచేస్తుంది, రోజుకు 12 నుంచి 14 గంటలు పెట్టుకోవాలి. అయినా కొందరికి ఎదుగుదల ఆగాక దవడ ఆపరేషన్ అవసరం పడుతుంది. ఆ మాట డాక్టరు ముందే చెప్పాలి, మీరూ అడగాలి.

పక్క పళ్ళు లోపలికి పడుతుంటే పై దవడను వెడల్పు చేసే స్క్రూ పెడతారు. తాళంచెవితో ఒక తిప్పు తిప్పితే సుమారు పావు మిల్లీమీటరు తెరుచుకుంటుంది. రోజుకు ఎన్ని తిప్పులో కాగితం మీద రాయించుకోండి. కొన్ని రోజులకు ముందు పళ్ళ మధ్య కొత్తగా సందు పడితే భయపడకండి, ఎముక తెరుచుకుంటోందనడానికి అదే గుర్తు.

మా మనవరాలికి అయిదేళ్ళు. వేలు చీకడం మానడం లేదు. వేలికి కారం రాయమంటున్నారు.
— ఒక అమ్మమ్మ, సత్యనారాయణపురం, విజయవాడ

కారం వద్దమ్మా. ఆ వేలే నిద్రలో కంట్లో పెట్టుకుంటుంది. కొత్త ముందు పళ్ళు వచ్చేలోపు, అంటే ఆరేళ్ళ లోపు మానేస్తే పాలపళ్ళలో పడిన ఎత్తు చాలావరకు సర్దుకుంటుంది. కాబట్టి ఇంకా టైముంది. పగలు వేలు నోట్లోకి వెళ్ళే వేళను గమనించండి, సాధారణంగా టీవీ ముందు, నిద్రకు ముందు. అప్పుడు చేతికో బొమ్మ ఇవ్వండి. రాత్రి చేతికి పల్చటి నూలు సాక్సు తొడగండి. చీకని రోజుకు క్యాలెండరు మీద తనచేతే నక్షత్రం అంటించనివ్వండి. నలుగురిలో తిట్టొద్దు, అలవాటు ముదురుతుంది. ఏడేళ్ళకూ మానకపోతే అంగుట్లో వేలు ఆనకుండా చిన్న తీగ అడ్డు పెడతారు.

ఆరేళ్ళ బాబుకి వెనక పాలపన్ను పుచ్చి తీసేశారు. ‘పాలపన్నే కదా’ అనుకున్నాం. ఇప్పుడు అక్కడ లూప్ పెట్టాలంటున్నారు. నిజంగా అవసరమా?
— ఆటోనగర్, విజయవాడ

అవసరమే. ఆ వెనక పాలపన్ను మామూలుగా పది నుంచి పన్నెండేళ్ళ దాకా ఉండాలి. ఆరేళ్ళకే పోతే దాని వెనకాలే వస్తున్న శాశ్వత దవడ పన్ను ఖాళీలోకి ముందుకు ఒరుగుతుంది. తర్వాత అడుగు నుంచి రావలసిన పన్నుకు చోటుండదు. ఈ రోజైతే ఆ ఖాళీని నిలిపి ఉంచే చిన్న రింగు, దానికో తీగ లూపు. అయిదేళ్ళు ఆగితే రెండేళ్ళ క్లిప్పులు. పక్క దవడ పన్ను ఇంకా పైకి రాకపోతే లూపు ఆకారం మారుస్తారు, అది డాక్టరు ఎక్స్‌రే చూసి చెబుతారు. పెట్టాక ఆరు నెలలకోసారి చూపించండి, సిమెంటు వదిలితే కింద పన్ను పుచ్చుతుంది. కొత్త పన్ను తల బయటికి రాగానే తీసేయాలి.

మా వాడికి 14 ఏళ్ళు, తొమ్మిదో తరగతి. ఎత్తు పళ్ళు. నాలుగు పళ్ళు తీసి క్లిప్పులు వేయాలన్నారు. పై పళ్ళు తీస్తే కంటి చూపు తగ్గుతుందని మా నాన్నగారి భయం. పైగా ఇంటర్‌కి హాస్టల్లో వేస్తాం. ఎప్పుడు మొదలెట్టాలి?
— అరండల్‌పేట, గుంటూరు

మీ నాన్నగారికి ఇలా చెప్పండి. పళ్ళకు వెళ్ళే నరం వేరు, చూపుకు వెళ్ళే నరం వేరు. పై పంటికి మత్తిచ్చినా, తీసినా చూపు నరానికి దానితో పనిలేదు. చాలామంది నలభై దాటాక పళ్ళు తీయించుకుంటారు, అదే వయసులో చత్వారమూ వస్తుంది. రెంటినీ ముడిపెట్టి పుట్టిన భయం అది.

అసలు తీయాలా వద్దా అన్నది కొలతను బట్టి. పళ్ళన్నిటి వెడల్పూ కూడి, దవడలో ఉన్న చోటుతో పోలుస్తారు. తక్కువ పడింది 4 మిల్లీమీటర్లలోపైతే తీయాల్సిన పని అరుదు. 10 దాటితే దాదాపు తప్పదు. నడుమ ఉన్నవాటిలో పెదవుల ఎత్తు, ముఖం పక్కనుంచి కనిపించే తీరు చూసి నిర్ణయిస్తారు. తీసేది కోరపన్ను వెనకున్న చిన్న దవడ పన్ను, సుమారు 7 మిల్లీమీటర్ల చోటిస్తుంది. పన్ను నెలకు మిల్లీమీటరు దాకా జరుగుతుంది. లెక్క వేసుకుంటే మొత్తం 18 నుంచి 24 నెలలు ఎందుకు పడుతుందో మీకే తెలుస్తుంది. అంతకంటే గట్టిగా లాగితే త్వరగా రాదు, వేర్లు కరుగుతాయి.

ఒక ప్రశ్న తప్పకుండా అడగండి: ‘పై పళ్ళు ముందుకున్నాయా, కింది దవడ వెనక్కుందా?’ రెండోదైతే, ఇంకా ఎదుగుతుంటే, ట్విన్ బ్లాక్ అనే రెండు ముక్కల ప్లేట్లతో కింది దవడను ముందుకు ఉంచి ఆ ఎదుగుదలను వాడుకోవచ్చు. ఆడపిల్లలకు ఆ ఎదుగుదల జోరు సుమారు 10-12 ఏళ్ళప్పుడు, మగపిల్లలకు 12-14 ఏళ్ళప్పుడు. మీ వాడు ఆ అంచున ఉన్నాడు. పక్కనుంచి తీసే తల ఎక్స్‌రేలో మెడ ఎముకల ఆకారం చూసి ఎదుగుదల ఎంత మిగిలిందో చెప్పగలరు. అందుకని చూపించడం ఈ వారమే, వచ్చే సెలవులకు వాయిదా వేయకండి.

హాస్టల్ సంగతి. ఇప్పుడు మొదలెడితే పదో తరగతి అయ్యేసరికి పెద్ద పనంతా అయిపోతుంది. పరీక్షకు ముందు వారం మాత్రం తీగ మార్పించకండి, మూడు నాలుగు రోజులు నమలడం కష్టంగా ఉంటుంది. ఇంటర్ మొదలయ్యాక మొదలెడితే ఔటింగ్ దొరక్క అపాయింట్‌మెంట్లు తప్పుతాయి. నాలుగు నుంచి ఆరు వారాలకోసారి వెళ్ళాలి. వెళ్ళకపోతే పళ్ళను లాగే రబ్బరు చైను పట్టు తగ్గి పని ఆగిపోతుంది. ఊడిన క్లిప్పును రెండు నెలలు వదిలేస్తే అప్పటిదాకా తిన్నగా వచ్చిన పన్ను తిరిగిపోతుంది. వేరే ఊళ్ళో చదివించే పక్షంలో మొదట తీసిన అచ్చులు, ఎక్స్‌రేలు, ఫోటోలు అడిగి దగ్గర పెట్టుకోండి.

ఖర్చు అడిగేటప్పుడు మొత్తంలో ఏమేం కలిశాయో అడగండి: పళ్ళు తీయడం, ఊడిన క్లిప్పు మళ్ళీ అంటించడం, చివర్లో సరిచేసిన పళ్ళను కదలకుండా పట్టి ఉంచే రిటైనర్లు. వైద్యం చేసేవారు బీడీఎస్ తర్వాత ఆర్థోడాంటిక్స్‌లో 3 ఏళ్ళ ఎండీఎస్ చేశారా అని అడగడంలో మొహమాటం అక్కర్లేదు. ఫీజు బరువనిపిస్తే విజయవాడ ప్రభుత్వ దంత వైద్య కళాశాలలో, గుంటూరు దగ్గర తక్కెళ్ళపాడులోని సిబార్ దంత వైద్య కళాశాలలో ఇదే విభాగం ఉంది. అక్కడ పీజీ విద్యార్థులు ప్రొఫెసర్ల పర్యవేక్షణలో చేస్తారు.

పంటి రంగు క్లిప్పులు వేయించుకున్నాను. నెలకే పసుపు పచ్చగా అయ్యాయి. ఏం తినాలో, ఎలా తోముకోవాలో సరిగా చెప్పలేదు.
— డిగ్రీ విద్యార్థిని, మొగల్రాజపురం, విజయవాడ

పచ్చబడింది క్లిప్పు కాదు, దాని చుట్టూ తీగను పట్టి ఉంచే పారదర్శక రబ్బరు రింగు. పప్పులో, పులుసులో పసుపు దాన్ని రెండు రోజుల్లోనే పట్టేస్తుంది. తోమినా పోదు, వచ్చేసారి రింగులు మార్చినప్పుడే పోతుంది. ఈసారి బూడిద రంగువో, సన్న స్టీలు తీగతో కట్టేవో అడగండి.

తిండి విషయంలో వద్దన్నవి తక్కువే, కానీ వాటిని ఖచ్చితంగా వదలాలి. చెగోడీలు, జంతికలు, చెరుకు ముక్క, వేయించిన సెనగలు, మాంసం ఎముక క్లిప్పుల్ని ఊడగొడతాయి. జీళ్ళు, చూయింగ్ గమ్ తీగల్లో చుట్టుకుంటాయి. ఆవకాయ మానక్కర్లేదు, టెంక ముక్క కొరకవద్దు. గుజ్జు కలుపుకోండి. జామకాయ, మొక్కజొన్న మానక్కర్లేదు, కాయ సన్నగా కోసుకుని, గింజలు ఒలుచుకుని వెనక పళ్ళతో నమలండి. ములక్కాడ నమిలితే పీచు తీగ కింద ఇరుక్కుంటుంది, తర్వాత అద్దంలో చూసుకోండి. కూల్‌డ్రింకు కొంచెం కొంచెంగా గంటసేపు తాగడం అన్నిటికంటే చేటు.

తోమడం ఇలా. బ్రష్షును క్లిప్పుకు పైనుంచి 45 డిగ్రీలు వంచి ఒకసారి, కింద నుంచి ఒకసారి, తర్వాత తిన్నగా. తీగ కింద సందుల్లో సీసా బ్రష్షులాంటి చిన్న బ్రష్షు దూర్చాలి. ఫ్లోరైడు పేస్టు 1000 పీపీఎంకు తగ్గకుండా ఉండాలి. మొత్తం నాలుగైదు నిమిషాలు పడుతుంది. క్లిప్పు చుట్టూ తెల్లటి పాచి పేరుకుంటే నాలుగు వారాల్లోనే పంటి మీద సున్నం మచ్చలాంటిది పడుతుంది, క్లిప్పు తీశాక అది చతురస్రం బొమ్మలా మిగిలిపోతుంది. తీగ కొస బుగ్గకు గుచ్చుకుంటే ఆ చోటు దూదితో తుడిచి, బఠాణీ గింజంత క్లిప్పుల మైనం ఉండచేసి అదమండి. తడి మీద మైనం నిలవదు.

నాకు 26. ఎనిమిది నెలల్లో పెళ్ళి. కనిపించని అలైనర్లు పెట్టుకోవచ్చా?
— గుంటూరు

కొద్దిపాటి వంకర, సందులైతే సరిపోవచ్చు. పళ్ళు తీయాల్సినంత ఎత్తయితే ఎనిమిది నెలల్లో అవుతుందని ఎవరు చెప్పినా నమ్మకండి. అలైనర్ అంటే పళ్ళ మీద తొడిగి తీసే పారదర్శక తొడుగు, రోజుకు 20 నుంచి 22 గంటలు నోట్లో ఉండాలి. తిండికీ టీకీ తీయాలి, మిగిలిన టైమంతా పెట్టుకోవాలి. శుభలేఖలు పంచుతూ ఇంటింటికీ టీ తాగే రోజుల్లో ఇదే తప్పుతుంది. పెట్టుకోని గంటలు పెరిగితే తర్వాతి సెట్టు పంటి మీద కూర్చోదు, అంచు దగ్గర ఖాళీ కనిపిస్తుంది. అప్పుడు బలవంతంగా కొరికి ఎక్కించకుండా వెనకటి సెట్టుకే వెళ్ళి డాక్టరుకు చెప్పండి. ఎక్స్‌రే తీయకుండా, చిగుళ్ళు చూడకుండా అచ్చు తీసుకుని పార్సిల్లో పంపే పద్ధతిలో మాత్రం చేయించుకోకండి. అలైనర్లకు బదులు క్లిప్పులే వేయించుకుని, పెళ్ళికి వైద్యం పూర్తికాకపోతే ఆ వారం వాటిని తీసి, రిటైనర్ ఇచ్చి, తర్వాత మళ్ళీ అంటించే వీలు కూడా కొన్ని కేసుల్లో ఉంటుంది.

నా వయసు 46, షుగరు ఉంది. రెండేళ్ళుగా పై ముందు పళ్ళ మధ్య సందులు పడుతున్నాయి. ఈ వయసులో క్లిప్పులా? పళ్ళు క్లీనింగ్ చేయిస్తే ఇంకా వదులవుతాయంటున్నారు.
— వ్యాపారి, వన్ టౌన్, విజయవాడ

వయసు అడ్డు కాదు, చిగుళ్ళ జబ్బు అడ్డు. ఇన్నాళ్ళూ తిన్నగా ఉన్న పళ్ళు పెద్ద వయసులో విడిపోతున్నాయంటే, పట్టి ఉంచే ఎముక తగ్గుతోందని అర్థం. చిగురుకూ పంటికీ మధ్య లోతు కొలుస్తారు. 3 మిల్లీమీటర్ల దాకా మామూలే, 5, 6 ఉంటే ముందు దానికి వైద్యం. క్లీనింగ్ వల్ల పళ్ళు వదులవవు. వదులైన పళ్ళను గార సిమెంటులా పట్టి ఉంచుతుంది, అది తీయగానే ఉన్న వదులు బయటపడుతుంది. తీయకపోతే ఆ గార కిందే ఎముక కరుగుతూ ఉంటుంది.

వరుస ఇది: ముందు హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగరు సగటు చెప్పే పరీక్ష) 7 దగ్గరికి తేవడం, చిగుళ్ళ శుభ్రం, మూడు నుంచి ఆరు నెలలు రక్తం కారకుండా, వాపు లేకుండా నిలబడిందో లేదో చూడటం. ఆ తర్వాతే తేలికపాటి బలంతో క్లిప్పులు. క్లిప్పులున్నంతకాలం మూడు నెలలకోసారి క్లీనింగ్. చివర్లో పళ్ళ వెనక శాశ్వతంగా సన్న తీగ. చిగురు వాచి ఉండగా పళ్ళు జరిపితే మిగిలిన ఎముకా పోతుంది, కాబట్టి మొదటిరోజే క్లిప్పులు అంటిస్తామంటే ఒప్పుకోకండి. ఎముకలు గుల్లబారకుండా మందులు వాడుతున్నవారు ఆ సంగతి ముందే చెప్పాలి. ఆ మందుల్లో కొన్ని పళ్ళ కదలికను బాగా నెమ్మదింపజేస్తాయి.

పుట్టి పెరిగింది కనిగిరి దగ్గర. పళ్ళ మీద ఫ్లోరైడు గోధుమ రంగు మచ్చలు. క్లిప్పులు పదేపదే ఊడిపోతున్నాయి.
— గుంటూరు

తప్పు మీ తిండిది కాకపోవచ్చు. క్లిప్పు అంటించే ముందు పంటి పైపొరను ఆమ్లంతో కాసేపు గరుకు చేస్తారు. ఫ్లోరైడు ఎక్కువై ఇలా మచ్చలు పడిన (ఫ్లోరోసిస్) పంటికి ఆ పొర తీరే వేరు, మామూలు సెకన్లలో సరిగా గరుకెక్కదు. ఎక్కువసేపు ఉంచడం, ముందు పైపొరను పల్చగా రాపిడి చేయడం, దవడ పళ్ళకు అంటించే క్లిప్పుకు బదులు రింగులు వేయడం, ఇవీ దారులు. మచ్చల వైద్యం క్లిప్పులు తీశాక పెట్టుకోండి. తీసేటప్పుడు పొర పెళుసుగా ఉంటే ముక్క లేచే ప్రమాదముందని, నెమ్మదిగా తీయమని చెప్పండి.

కాలేజీలో ఉండగా రెండేళ్ళు క్లిప్పులు వేసుకున్నాను. పళ్ళు తిన్నగా వచ్చాయి. రిటైనర్ ఒక హోటల్లో పోగొట్టుకున్నాను. ఇప్పుడు కింది పళ్ళు మళ్ళీ ఒకదానిమీద ఒకటి ఎక్కుతున్నాయి. జ్ఞానదంతాలు తీయిస్తే ఆగుతుందా?
— భవానీపురం, విజయవాడ

జ్ఞానదంతాలు తోయడం వల్లే ముందు పళ్ళు వంకరపోతాయని నిరూపణ కాలేదు. నొప్పి, పుచ్చు, చీము లాంటి వేరే కారణముంటే తీయించండి, ఇందుకోసమైతే వద్దు. పళ్ళు జరిగాక చిగురులోని నారలు కొత్త చోటుకు అలవాటు పడటానికి ఏడాది దాకా పడుతుంది, అప్పటిదాకా రబ్బరులా వెనక్కి లాగుతుంటాయి. ఆ తర్వాత కూడా వయసుతో కింది ముందు పళ్ళు దగ్గరకు రావడం సహజం, క్లిప్పులు వేసుకోనివారికీ జరుగుతుంది. అందుకే మొదటి ఆరు నెలలు పగలూ రాత్రీ, తర్వాత రాత్రిపూట, పళ్ళు తిన్నగా ఉండాలనుకున్నంత కాలం.

ఇప్పుడు చేయగలిగింది: ఈ వారంలోనే వెళ్ళండి. జరిగింది కొద్దిగా అయితే కొన్ని అలైనర్లతో సరిచేసి, కింద పళ్ళ వెనక సన్న తీగ అంటిస్తారు. పైకి కొత్త రిటైనర్ చేస్తారు. స్కానింగుతో చేస్తే ఆ ఫైలు, అచ్చుతో చేస్తే ఆ అచ్చు మీకిమ్మనండి, మళ్ళీ పోయినా వెంటనే ఇంకొకటి చేయించుకోవచ్చు. రిటైనర్‌ను వేడినీళ్ళతో కడగకండి, వంకర తిరుగుతుంది. మామూలు నీళ్ళు, మెత్తటి బ్రష్షు చాలు. హోటల్లో పేపరు న్యాప్‌కిన్‌లో చుట్టకండి. బల్ల తుడిచేవాళ్ళు ఆకుతోపాటు తీసేస్తారు, ఎక్కువ పోయేది అలాగే. డబ్బా జేబులో ఉండాలి.